రాని రెండో బండి

ఈ వేసవి మొదట్లో టెక్కలి గ్రంథాలయంలో కొత్తగా రాస్తున్న పిల్లలతో మాట్లాడమని పిలిస్తే వెళ్లాను. రైల్వే గేటు దగ్గర జెండా ఊపి రిటైరైన మనిషి రెండు కథల పుస్తకాలు వేశాడంటే పిల్లలకి వింతగానే ఉంటుంది. ఒకమ్మాయి లేచి, "సార్, రోజూ రాయడం మీకెలా అలవాటైంది?" అని అడిగింది. ఈ ప్రశ్నకి నా దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. యోగంలో చెప్పిన ఎనిమిది మెట్లనీ రాతకి అన్వయించుకున్నానని, గేటు గదిలో బండికీ బండికీ మధ్య రోజుకొక పేజీ రాశానని, పద్దెనిమిదేళ్లలో ఒక్క డ్యూటీ రోజు కూడా తప్పలేదని చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి ఎనిమిది మెట్ల పేర్లూ నోటు పుస్తకంలో వరసగా రాసుకుంది.

బస్సెక్కి పలాసలో దిగేదాకా ఆ నోటు పుస్తకమే కళ్లముందు ఉంది. చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. కానీ ఒక రోజు సంగతి చెప్పలేదు. ఆ ఒక్క రోజునీ ఎక్కడ మాట్లాడినా వదిలేస్తూ వచ్చాను. ఇక వదలకూడదనుకుని ఇది రాస్తున్నాను. చదివాక నామీద మీకున్న గౌరవం కొంచెం తగ్గుతుంది. తగ్గడమే న్యాయం.

నేను మొదట ట్రాక్ గ్యాంగులో పనిచేసేవాణ్ణి. ఒకరోజు పట్టా మారుస్తుంటే ఎడమ పాదం దాని కింద పడి నలిగింది. కుంటుతూ గ్యాంగుతో నడవలేనని నన్ను పలాసకీ పూండికీ మధ్య ఒక గేటుకి వేశారు. దాని నంబరు చెప్పను. గేటుకి తూర్పున ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటలు దాటుకుంటూ పోతే సముద్రం. పడమటి వైపు రోడ్డు పలాస వెళ్తుంది. ఒక చిన్న గది, ఒక ఫోను, ఎర్రజెండా, పచ్చజెండా, ఒక పుస్తకం, ఇదే నా రాజ్యం. స్టేషన్ నుంచి బండి వస్తోందని ఫోనొస్తే గేటు వెయ్యాలి, వేశానని చెప్పాలి, పుస్తకంలో రాయాలి, బండి పోయాక తియ్యాలి. అంతకంటే విద్య లేదు. మధ్యలో ఖాళీ మాత్రం బోలెడంత.

ఆ ఖాళీలో రాయడం మొదలుపెట్టాను. ఎవరూ నేర్పలేదు. ఒక్కోరోజు పది పేజీలు రాసేవాణ్ణి, ఆ తర్వాత నెల రోజులు కలం ముట్టుకునేవాణ్ణి కాదు. నన్ను దారిలో పెట్టింది మా స్టేషన్ మాస్టరు. ఆయనది ఈ ప్రాంతం కాదు. నడుం నొప్పికి యోగాసనాలు మొదలుపెట్టి, నొప్పి పోయాక కూడా వదలకుండా దాని లోతుల్లోకి దిగిన మనిషి. ఆదివారం పొద్దున్న ఆయన క్వార్టర్ వరండాలో చాపలు పరిచి నలుగురైదుగురు స్టాఫ్‌కి నేర్పేవాడు. నేను రాస్తానని తెలిసి ఒకరోజు ఆపి కూర్చోబెట్టాడు.

"ఏమయ్యా, నువ్వు రాసేది మూడ్ వచ్చినప్పుడా?" అన్నాడు.

"అవును సార్. మనసుకి తోచినప్పుడు."

"మనసుకి తోచినప్పుడే నువ్వు గేటు వేస్తావా? రాతని కూడా సాధన చెయ్యి. ఆసనం చేసేవాడికీ, రాసేవాడికీ దారి ఒకటే. కానీ మెట్లు దాటెయ్యకు. మొదటి మెట్టు యమం. అహింస, సత్యం, దొంగిలించకపోవడం, నిగ్రహం, ఇతరులది ఆశించకపోవడం. అక్కడ కాలు ఆనాకే పైకి."

ఆ మొదటి మెట్టుని నేను ఒక్క పొద్దుటిపూట ముగించేశాను. అహింస అంటే కొట్టకపోవడం. నేను ఎవర్నీ కొట్టను, అయిపోయింది. సత్యమంటారా, కథలన్నీ కల్పనే కాబట్టి మనకి వర్తించదు. ఇంకొకరి కథ ఎత్తి రాయను కాబట్టి దొంగతనం లేదు. తాగుడు లేదు, తిరుగుడు లేదు కాబట్టి నిగ్రహం ఉన్నట్టే. రైల్వే గేటు దగ్గర మనకి ఎవరేమిస్తారు గనక ఆశించడానికి? ఇలా ఐదూ టిక్కులు పెట్టేసుకుని పై మెట్ల మీదికి ఉరికాను.

పై మెట్లు నిజంగా పనిచేశాయి. ఆ మాట దాచను. ఒకే బల్ల, ఒకే కిటికీ, ఒకే వేళ అనేది నా ఆసనం అయింది. రాసే ముందు కళ్లు మూసుకుని పన్నెండు సార్లు నెమ్మదిగా ఊపిరి తీసి వదిలేవాణ్ణి. స్వాధ్యాయమని నిన్న రాసిన పేజీని ముందు పైకి చదువుకునేవాణ్ణి. రోజూ రాయడమే తపస్సు. బాగా రాకపోయినా ఆ పేజీని తిట్టుకోకపోవడం సంతోషం. కథని పత్రికకి పంపాక పోస్టుమేన్ కోసం ఎదురుచూడకపోవడం ఈశ్వరుడికి వదిలెయ్యడం. ఆరు నెలల్లో నా చెయ్యి తేలికపడింది. ఏడాది తిరిగేసరికి ఒక కథ అచ్చయింది. మా ఆవిడ ఆ పత్రికని పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టింది.

అన్నిట్లోకీ నాకు గొప్పగా అబ్బింది ప్రత్యాహారం. ఇంద్రియాలని బయటి నుంచి లోపలికి లాక్కోవడం. గేటు దగ్గర హారన్లు, ఆటోల పాటలు, కొబ్బరి లోడు ట్రాక్టర్ల చప్పుడు, ఆడవాళ్ల కబుర్లు అన్నీ ఉంటాయి. అవేవీ చెవిని పడకుండా రాయడం నేర్చుకున్నాను. ఫోను మాత్రం వినబడేది, మిగతావి వినబడేవి కావు. ఒకసారి గది బయట ఇద్దరు పెద్ద గొడవపడి చొక్కాలు చింపుకున్నారట. నాకు ఆ సంగతి మర్నాడు తెలిసింది. ఆ ముచ్చట స్టేషన్ మాస్టరుకి గొప్పగా చెప్పుకున్నాను. ఆయన నవ్వలేదు. "దెబ్బలేమైనా తగిలాయా వాళ్లకి?" అని మాత్రం అడిగాడు. నాకు తెలియదన్నాను.

నాతో డ్యూటీ మార్చుకునే రెండో గేటు కీపరు ఉద్దానం తీరం మనిషి. వాళ్ల నాన్న ఇంకా సముద్రంలో వేటకెళ్లేవాడు. వరస లేకపోయినా నన్ను బావా అని పిలిచేవాడు. డ్యూటీ ఎక్కడానికి వచ్చేసరికి కవర్లో రెండు ఎండుచేపలో, జీడిపండో ఉండేవి. "ఏటి బావా, ఈయేల ఎన్ని ముక్కలు రాసినావు? మా గురించి రాత్తన్నావా, నేకపోతే మీ బాధలేనా?" అని వేళాకోళం చేసేవాడు. నా ప్రత్యాహారం సంగతి చెప్తే, "సెవుల్లో దూదెట్టుకుంటే పోద్ది గదా బావా, దానికి అంత సదువు కావాలా?" అన్నాడు. నవ్వుకున్నాం.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

జీడిమామిడి పూత మీద ఉన్న కాలం. పొద్దున్న తొమ్మిదిన్నర దాటాక ఒక బండి వెళ్లింది. గేటు వేసే ఉంది. మామూలుగా అయితే బండి వెనక చివరి పెట్టె దాటగానే గేటు తియ్యాలి. ఆవేళ నేను ఒక వాక్యం మధ్యలో ఉన్నాను. జీడిపూత వాసన ఎలా ఉంటుందో రాస్తున్నాను. సరైన మాట దొరకట్లేదు. తియ్యన అంటే కాదు, ఘాటు అంటే కాదు. ఒక్క నిమిషం, దొరకగానే తీద్దామనుకున్నాను. జెండా ఊపి వచ్చి మళ్లీ బల్ల ముందు కూర్చున్నాను.

గేటు సంగతి మీకొకటి చెప్పాలి. తీసి ఉంచకూడని గేటుని తీసి ఉంచితే ఉద్యోగం పోతుంది, జైలుకి కూడా వెళ్లొచ్చు. మూసి ఉంచిన గేటుకి ఎవరూ మెమో ఇవ్వరు. రైల్వే లెక్కలో మూసిన గేటు ఎప్పుడూ క్షేమమే. అంతకుముందు కూడా ఒక నిమిషం, రెండు నిమిషాలు ఇలా ఆపిన రోజులున్నాయి. జనం హారన్ కొట్టి ఊరుకునేవారు. అది నాకు అలవాటైపోయింది.

అటు ఉద్దానం వైపు ఒక కొబ్బరి ట్రాక్టరు, రెండు బైకులు, వాటి వెనక ఒక ఆటో. ఆ ఆటో నాకు తెలుసు. వారానికి రెండుసార్లు అదే వేళకి వెళ్లేది. అందులో భార్యాభర్తలిద్దరు. ఆయనకి కిడ్నీలు పోయాయి. ఇంటికొకరికి ఆ జబ్బున్న ఉద్దానంలో ఆ మాట కొత్తగా విడమరిచి చెప్పనక్కర్లేదు. పలాసలో డయాలసిస్ చేయించుకోవాలి. ఆవిడ జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్లేది. ఆయన వంతున్న రోజుల్లో పని మానేసి కూడా వచ్చేది.

హారన్లు మోగాయట. నాకు వినబడలేదు. కిటికీకి ఎవరో అడ్డంగా నిలబడి కాగితం మీద నీడ పడితే అప్పుడు ఓరకంట చూశాను. ఆవిడ.

"బాబూ, బండెల్లిపోనాది గదా. గేటు తియ్యవా? మా ఆయనకి పదింటికి మిషను. ఆలీసెమైతే వొంతు పోద్ది."

లేచి గేటు తియ్యడానికి అర నిమిషం చాలు. కానీ ఆ మాట నాలుక చివర ఉంది. జీడిపూత మాట. లేస్తే పోతుందనిపించింది. తల దించుకునే ఉండి ఇలా అన్నాను:

"ఇంకో బండొత్తంది. ఆగు."

రెండో బండి లేదు. ఫోను రాలేదు. ఆవిడ కాసేపు అక్కడే నిలబడింది. పట్టాల మీద అటు పూండి వైపు ఒకసారి, ఇటు పలాస వైపు ఒకసారి చూసింది. ఇంకేమీ అనకుండా ఆటో దగ్గరికి వెళ్లిపోయింది. నేను ఆవిడ వెళ్లడం చూశాను. ఆటోలోంచి ఆయన రెండు కాళ్లూ బయట పెట్టుకుని కూర్చున్నాడు. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టక, చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. అది కూడా చూశాను. చూసి ఏం చేశానో చెప్పడానికి చెయ్యి రావడం లేదు. కాగితం పక్కన ఖాళీలో, "ఉబ్బిన పాదాలు, చెప్పులు చేతిలో" అని రాసుకున్నాను. ఎప్పటికైనా పనికొస్తుందని.

ఇరవై నిమిషాల పైన అయింది గేటు తీసేసరికి. ట్రాక్టరు వాడు తిడుతూ వెళ్లాడు. ఆటో ఏమీ అనకుండా వెళ్లింది. జీడిపూత మాట ఆఖరికి దొరికింది గానీ, సాయంత్రం చదువుకుంటే నచ్చలేదు. వాక్యం మొత్తం కొట్టేశాను.

మర్నాడు డ్యూటీ మారేటప్పుడు మా రెండో గేటు కీపరు చేతిలో కవరు లేదు. నిలబడే మాట్లాడాడు.

"నిన్న గేటు కాడ అంతసేపు ఏటైంది బావా? మా పక్కూరాయన ఎల్లేతలికి మిషను ఇంకోలికి పెట్టేసినారంట. ఆలదేటి తప్పు, ఎనకాల జనం కూకునున్నారు. సాయంత్రం దాకా వరండాలో కూకోబెట్టినాది ఆయమ్మి. ఊపిరాడక గిలగిల్లాడిపోతే శ్రీకాకుళం అట్టుకెల్లినారు."

"ఎలాగున్నాడు ఇప్పుడు?"

"బతికినాడు. ఏటైంది గేటుకి?"

"బిగిసిపోనాది. లేవనేదు," అన్నాను.

"ఇంకో బండొత్తందన్నావంట గదా?"

నేను జెండాలు అతని ముందుకి జరిపాను. అతను నా బల్ల మీది కాగితాల వంక చూశాడు. తర్వాత జెండాలు లెక్కచూసుకుని, పుస్తకంలో సంతకం పెట్టి, "ఎల్లండి సార్," అన్నాడు. ఆ రోజు నుంచి నేను రిటైరయ్యేదాకా అతను నన్ను మళ్లీ బావా అనలేదు. ఎవరికీ నా సంగతి చెప్పనూ లేదు.

ట్రాక్టరు వాడు స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు చేశాడు. స్టేషన్ మాస్టరు ఫోను చేశాడు. ఆయనకీ గేటు బిగిసిందనే చెప్పాను. "నిజమేనా?" అని ఒక్కసారి అడిగాడు. "నిజమే సార్," అన్నాను. ఆయన నన్ను నమ్మి అలాగే రాసి పైకి పంపాడు. మూడో రోజు మెకానిక్కు వచ్చాడు. బాగున్న గేటుని విప్పి, గ్రీజు రాసి, మళ్లీ బిగించాడు. నేను పక్కన నిలబడి స్పానర్లు అందించాను. "ఏమీ తేడా కనపడట్లేదు," అని ఆయన అంటే, "ఒక్కొక్కప్పుడు అలా అవుతుందండి," అన్నాను. ఎండలో ఆ మనిషి రెండు గంటలు కష్టపడ్డాడు. టీ తెప్పించి ఇచ్చాను.

ఆవేళ కూడా నా పేజీ నేను రాశాను. తప్పలేదు.

వారం తర్వాత ఆ ఆటో మళ్లీ వచ్చింది. అప్పుడు గేటు తీసే ఉంది. ఆవిడ ఆటో ఆపించి దిగి, కిటికీ దగ్గరికి వచ్చింది. ఏదో అంటుందనుకున్నాను. ఆవిడ రెండు కొబ్బరికాయలు కిటికీ గట్టు మీద పెట్టి, "మా పెరట్లోయి బాబూ," అని వెళ్లిపోయింది. అప్పటి నుంచి వారం వారం ఏదో ఒకటి. కొబ్బరికాయలు, జీడిపండ్లు, కాలమొస్తే పనసకాయ. నేను మొదట వద్దన్నాను. తర్వాత పుచ్చుకున్నాను. నేను అబద్ధం చెప్పానని ఆవిడకి తెలియదనీ, పైగా నామీద అభిమానమనీ అనుకున్నాను. వారానికి రెండుసార్లు ఆ ఆటో కనబడగానే ముందుగా లేచి గేటు దగ్గర నిలబడేవాణ్ణి. దానితో ఆ రోజు లెక్క తీరిపోయిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పనసతొనలు తియ్యగా ఉండేవి. మా ఆవిడ గింజలు కూడా కూర వండేది.

ఇంతటితో ఆగినా బాగుండేది.

మరుసటి ఏడాది నేనొక కథ రాశాను. ఒక గేటు కీపరు. గేటు పడి ఉంది. ఆటోలో జబ్బు మనిషి, పాదాలు ఉబ్బి, చెప్పులు చేతిలో. గేటు కీపరు స్టేషన్‌కి ఫోను చేసి, బతిమాలి, బండిని అవతల ఆపించి, గేటు తీసి ఆటోని పంపిస్తాడు. కథ చివర ఆ భార్య పనసకాయ తెచ్చి అతని చేతుల్లో పెడుతుంది. ఆ కథకి వచ్చినన్ని ఉత్తరాలు, ఫోన్లు నాకు దేనికీ రాలేదు. చదివి ఏడ్చామన్నారు.

స్టేషన్ మాస్టరు ఒక ఆదివారం ఆ కథని వరండాలో అందరికీ పైకి చదివి వినిపించాడు. చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "యమం అంటే ఏమిటో ఇన్నాళ్లు మీకు మాటల్లో చెప్పాను. ఇదిగో, ఇతను చేసి చూపించాడు," అన్నాడు. నేను ఆయన ఎదురుగా పద్మాసనంలో, వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుని ఉన్నాను. మా రెండో గేటు కీపరు కూడా ఆ వేళ ఏదో పనిమీద వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నావైపు ఒకసారి చూసి చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. నేను లేవలేదు. చెప్పలేదు. నా జన్మలో అంత నీచంగా నేను ఇంకెక్కడా కూర్చోలేదు.

ఆ రోగి ఆ గేటు సంగతి జరిగాక ఏడాదిన్నర పైనే బతికాడు. ఆ ఇరవై నిమిషాల వల్ల పోయాడని నేను అనను. అలా అంటే అది కూడా ఇంకో కథ అల్లడమే. ఆయన ఒక పూట ఊపిరి కోసం కొట్టుకున్నాడు, నా వల్ల. అంతవరకే నిజం, అది చాలు. ఆయన పోయాక ఆటో రావడం మానేసింది. తర్వాత నేను రిటైరయ్యాను. గేటు ఎత్తేసి రోడ్డుని పట్టాల కిందుగా పోనిచ్చారు. నా గదిని కూడా పడగొట్టారు.

టెక్కలి నుంచి వచ్చిన మర్నాడు స్టేషన్ మాస్టరుకి ఫోను చేశాను. ఆయన ఎప్పుడో రిటైరై సొంతూళ్లో ఉన్నాడు. మొత్తం చెప్పాను. జీడిపూత, రెండో బండి, గ్రీజు, పనసకాయ, కథ.  

"నేను నీ మాట మీద సంతకం పెట్టానయ్యా," అన్నాడు.

"తప్పైపోయింది సార్."

"నాకు చెప్తే ఏం లాభం? గేటు బయట నిలబడ్డది నేను కాదుగా."

ఎనిమిది మెట్ల పేర్లు రాసుకున్న అమ్మాయీ, నేను నీకు చెప్పిన ఆసనం, ఊపిరి, రోజుకో పేజీ అన్నీ పనికొస్తాయి, ఉంచుకో. మొదటి మెట్టు పక్కన మాత్రం ఈ ముసలాడి సంగతి రాసుకో. రాస్తుండగా ఎవరైనా కిటికీ దగ్గరికొచ్చి పిలిస్తే లేచి వెళ్లు. ఆ వాక్యం పోతే పోతుంది. నేను కాపాడుకున్న వాక్యం సాయంత్రానికి నాకే పనికిరాలేదు.

ఆ వారమే ఉద్దానం వెళ్లాను. ఆటో దిగి ఇల్లు కనుక్కునేసరికి పదకొండైంది. ఆవిడ అరుగు మీద కూర్చుని పళ్లెంలో జీడిపప్పు పొట్టు తీస్తోంది. ఫ్యాక్టరీకి వెళ్లే ఓపిక లేక పప్పు ఇంటికే తెచ్చుకుంటోందట. నన్ను వెంటనే గుర్తుపట్టింది. "గేటు బాబు గదా! ఓలమ్మ, ఎండనపడి వొచ్చినావా? కూకో," అని పీట వేసి మజ్జిగ ఇచ్చింది.

నాకు ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. సంచిలోంచి పత్రిక తీశాను. "మీ గురించి ఒక కథ రాసినానమ్మా. సదవమంటావా?" అన్నాను. కథ చదివేసి, ఇది అబద్ధమని ఆ తర్వాత చెబుదామని నా పథకం. ఇన్నేళ్లొచ్చినా నేరుగా మాట్లాడే ధైర్యం లేదు.

చదివాను. ఆవిడ చేతులు పప్పు మీద ఆడుతూనే ఉన్నాయి. పాదాల దగ్గర మాత్రం ఒక్కసారి ఆగాయి. బండిని ఆపించి గేటు తీసే చోట తలెత్తి విన్నది. అంతా అయ్యాక అంది:

"మంచోడు బాబూ ఆ గేటాయన. ఏ ఊరు గేటు అది?"

పత్రిక మూసేశాను. "ఏ ఊరిదీ కాదమ్మా. కల్పించినాను. ఆవేళ నాను గేటు తియ్యనేదు. ఇంకో బండొత్తందని అబద్దమాడినాను. ఏ బండీ నేదు. రాసుకుంటా కూకున్నాను. నా వల్లే ఆయన వొంతు పోనాది."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. పొట్టు ఊది పక్కకి పెట్టింది.

"తెల్దేటి బాబూ నాకు? మా కన్నోరిల్లు పూండి టేసను ఎనకాలే. బళ్ల కూతలింటానే పెరిగినాను. తొమ్మిదిన్నర బండెల్లినాక మల్లా పదిన్నర దాకా ఏదీ నేదు. పట్టాలు సూసినాను, సిగినాలు సూసినాను. నువ్వు కాయితం మీంచి తలెత్తనేదు."

"మరెందుకు అడగనేదమ్మా? తిట్టనైనా తిట్టనేదు."

"తిడితే? గేటు నీ సేతిలో ఉంది. వారానికి రెండుమాట్లు దాటాల మేం. నీకు కోపమొత్తే మల్లా ఇంకో బండంటావు. ఆయన తిడతానని దిగబోతే నానే సెయ్యట్టుకు ఆపినాను. అందుకే గదా కొబ్బరికాయలు, పనసకాయలు అట్టుకొచ్చేదాన్ని. గేటు బేగి తీత్తావని."

నేను తలెత్తలేకపోయాను. ఏడాదిన్నర పాటు తిన్నాను అవి. అభిమానమని చెప్పుకుంటూ తిన్నాను. కథ చివర కూడా పెట్టుకున్నాను. క్షమించమని అడిగాను. ఆవిడ సరేననలేదు, కాదనీ అనలేదు. "పోనోడు పోనాడు. మజ్జిగ తాగు, ఎండగున్నాది," అంది.

లేచి, వెళ్తానని దణ్ణం పెట్టాను. ఆవిడ ఉండమని పెరట్లోకి వెళ్లి, ఒక పనసకాయ రెండు చేతులా పట్టుకుని తెచ్చింది. నేను వెనక్కి జరిగాను. వద్దమ్మా, నాకొద్దు అన్నాను. ఆవిడ ఇంకా దగ్గరికొచ్చి దాన్ని నా చేతుల్లో పెట్టింది.

"ఇప్పుడు గేటు నేదు గదా బాబూ. ఇది ఊరికినే ఇత్తన్నాను. అట్టుకెల్లు."